ఆరో పాటలో పేరు

జూన్ 3

వ్యాసంలో మళ్ళీ నాలుగు పేరాలు కోశారు. సంపాదకుడు వెంకట్రావుగారు విజయవాడ నుంచి ఫోన్ చేసి, "కొంచెం ఆవేశం తగ్గిస్తే ఇంకా పదునుగా ఉంటుందండీ రాఘవులుగారూ" అన్నారు. ఆవేశం తీసేస్తే నా దగ్గర మిగిలేవి డబ్బింగ్ డైలాగులు. అవి ఎలాగూ రోజూ రాస్తూనే ఉన్నాను, కోడంబాక్కంలో కూర్చుని, తమిళ హీరోల పెదవులకు తెలుగు మాటలు అతికిస్తూ. యాభై నాలుగేళ్ళ వయసులో కోపం దాచుకోవడానికి నాకు మిగిలింది ఈ నోటుబుక్కు. ఇందులో ఎవడూ కోయడు.

అక్క కూతురు విజి వచ్చి పాటలు వినిపించింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వారానికి ఆరు రోజులు టి. నగర్‌లో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడత పెడుతుంది. అరుళ్‌నూ ఇంకో ఇద్దరినీ కూడగట్టి ర్యాప్ గుంపు పెట్టి రెండేళ్ళయింది. గుంపు పేరు 'పంపింగ్ స్టేషన్'. మా తొండియార్‌పేట కాలనీ గోడ వెనక మురుగునీళ్ళ పంపింగ్ స్టేషన్ ఉంది, దాని పేరే పెట్టుకున్నారు. ఆల్బం పేరు 'ఏడు మూతలు'. మా వీధిలో ఏడు మ్యాన్‌హోళ్ళు, మూతకొక పాట. సగం ఇంట్లో మాట్లాడే తెలుగు, సగం వీధి తమిళం. వింటుంటే, ముప్పై ఏళ్ళుగా సభల్లో నేను చెప్పిందంతా మైకు టెస్టింగ్ లాగా అనిపించింది. పైకి మాత్రం, "మూడో పాటలో రాజకీయం తగ్గింది" అన్నాను.

"నీకు సాంబార్లో గూడా రాజకీయం తగ్గతాది మామా" అంది.

ఆరో పాట నాగలింగానిది. ఇంకా పూర్తి కాలేదు. మధ్యలో అతని భార్య మునియక్క ఒప్పారి పాడుతుందట. చావింట్లో ఆడవాళ్ళు రొమ్ము బాదుకుంటూ పాడే ఏడుపుపాటను, నిజంగా పోగొట్టుకున్న మనిషి గొంతులోనే పెడుతున్నారన్న మాట.

నాగలింగం రెండేళ్ళ క్రితం ఆరో మూత తెరిచి దిగాడు. పైకి రాలేదు. కాంట్రాక్టు కంపెనీ మునియక్క చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో మాత్రం ఇంట్లో గుండెనొప్పితో పోయాడు. బదులుగా కూతురు కలైసెల్వికి చెత్త ఎత్తే బ్యాటరీ బండి మీద పని ఇచ్చారు. తల్లి నోరు మూసుకున్నన్నాళ్ళే ఆ పని. కాలనీలో అందరికీ తెలిసిన సంగతే. సంతకం పెట్టొద్దని ఆ రోజు వాళ్ళ గుమ్మంలో నిలబడి గంటసేపు వాదించాను. పెట్టింది. అప్పటినుంచి ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. నాది తప్పు కాదు.

జూన్ 8

ఆరో పాట కాగితం మీద చదివాను. నాగలింగం పేరు లేదు. వీధి లేదు, కంపెనీ లేదు.

"పేరేది?" అన్నాను విజిని.

"పెట్టలేదు మామా. పేరు రాదంటేనే మునియత్త ఒప్పుకునింది. వస్తే కలై పని పోతాది."

"పేరు లేని చావు ఎవడిదైనా కావచ్చు. అంటే ఎవడిదీ కాదు."

"అత్త ఎప్పుడు చెప్పినాది మొగుడి పేరు? రేషన్ కార్డుకి పొయినప్పుడు గూడా కలై చేత చెప్పించింది. ఒప్పారిలో గూడా 'పొయ్యినోడా' అనే ఏడస్తాది."

నాకు మండేది ఇక్కడే. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందట! మనిషే పోయాక తగ్గడానికి ఏం మిగిలింది? ఒక పక్క ఆచారం నోరు నొక్కుతుంది, ఒక పక్క కంపెనీ నోరు నొక్కుతుంది. రెండు చేతులూ ఒకే ఒంటివి. దీన్ని వివరించడానికి నాకు ముప్పావుగంట పట్టింది. విజి అంతసేపూ గోరింటాకు మరక గీరుకుంటూ విన్నది.

"నువ్వు చెప్పేది కరెక్టే మామా. నీ వ్యాసంలో పెట్టుకో. నా పాటలో వద్దు."

"పాట నీదా? నాగలింగానిదా?"

"కలైది" అంది.

జూన్ 9

విజి నిన్న అన్నది తప్పు. పొద్దున్నించీ ఆలోచించాను. తప్పే.

జూన్ 15

ఆదివారం మా డబ్బింగ్ థియేటర్ ఖాళీ. యజమానిని అడిగి నేనే ఇప్పించాను. విజికి సెలవు దొరకలేదు. ముహూర్తాల ఆదివారం, చీరల కొట్లో ఊపిరాడదు. "నువ్వుండావు గదా మామా, చూసుకో" అని ఫోన్ చేసింది. అరుళ్ మెషిన్ దగ్గర, పక్క కుర్చీలో నేను. డబ్బింగ్‌లో ఆ కుర్చీ రచయితది. టేక్ అయ్యాక "ఓకే" అనేది అందులో కూర్చున్నవాడే. ఆ మాట పడ్డాక మిగిలిన టేకుల మొహం ఎవరూ చూడరు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాను.

మునియక్క తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టబోతే తల పక్కకు తిప్పుకుంది.

"చెవులు మూసేస్తే ఏడుపు యాడ నుంచి వస్తాది అబ్బయా?"

అరుళ్ నవ్వి తీసేశాడు. స్పీకరు చిన్నగా పెట్టి, ఆమె కాళ్ళ దగ్గర ఒక దిండు వేశాడు. కింద కూర్చుంటేగానీ రాదంది.

*కొత్త సోపు తెరిసి పెడితిని*
*కాచిన నీళ్ళు తోడి పెడితిని*
*వాసన పొయ్యేదాకా రుద్దుతానంటిని*
*వాకిట్లోకే రాకపోతివే, పొయ్యినోడా*

మొదటి టేక్‌లో దగ్గు వచ్చింది. రెండోది బాగుంది. టీ తాగాం. మూడో టేక్‌లో సోపు దగ్గర ఆగిపోయింది. తాళం లేకుండా, రాగం లేకుండా అతన్ని పేరు పెట్టి పిలిచింది. రెండుసార్లు. మొదటిసారి నేలకేసి చూస్తూ మెల్లిగా. రెండోసారి, వీధి చివరికి వెళ్ళిపోతున్న మనిషిని కేకేసినట్టు. అరుళ్ చేతులు మెషిన్ మీద అలాగే ఉండిపోయాయి.

తనంతట తానే అంది. నేను అడిగాను, అంతే.

థర్డ్ ఓకే అన్నాను.

జూన్ 16

అరుళ్ ఫోన్ చేశాడు. "సార్, పేరుండే టేకు పెడతా ఉండామని విజికి చెప్పాలా?" నేను చెబుతానన్నాను.

జూన్ 22

విజి రాలేదు. వస్తే చెప్పేవాణ్ణి.

జూన్ 29

విజి వచ్చింది. అక్క కూడా ఉంది, చేపల పులుసు తెచ్చారు. అందరి ముందూ చెప్పే విషయం కాదు.

జూలై 4

విడుదలైంది. ఆల్బం బాధ్యత తీసుకున్న కంపెనీ తరఫున ప్రదీప్ అనే యువకుడున్నాడు. కరీంనగర్ నుంచి ఐటీ ఉద్యోగానికి వచ్చి, అది వదిలేసి ఇందులో దిగినవాడు. ఆల్బం కన్నా ముందు అతను పద్నాలుగు సెకన్ల ముక్క వదిలాడు. మునియక్క పేరు పెట్టి పిలిచే ముక్క. సాయంత్రానికి ఎవరి ఫోన్ చూసినా అదే. ఎక్కడో బెంగళూరులో ఒకమ్మాయి కెమెరా ముందు ఏడుస్తోంది. ఒకాయన పిడికిలి బొమ్మ తగిలించాడు. వెంకట్రావుగారు మళ్ళీ ఫోన్.

"ఆ పిలుపు వింటే కన్నీళ్ళు ఆగలేదండీ! వచ్చే సంచికకు మీరే రాయాలి. ఎంత నిడివైనా సరే, ఒక్క అక్షరం కోయను."

ఎంత సంతోషించానో రాయడానికి నాకు సిగ్గు లేదు. రెండేళ్ళుగా ఇంట్లో గుండెనొప్పితో పోయినవాడు ఇవాళ నడివీధిలో చచ్చిపోయాడు. అందరూ చూశారు.

జూలై 5

విజి పొద్దున్నే వచ్చింది, వెనకే అక్క. చెప్పులు విప్పలేదు.

"ఎవురు చెప్పమన్నారు మామా?"

"ఆవిడే చెప్పింది."

"అత్త చెప్పదు. పెళ్ళయినప్పటి నుంచి చెప్పలేదు. ఎవురు చెప్పమన్నారు?"

"విడుదలకు ముందు నువ్వు వినలేదా?"

"నా భాగం విన్యా. అత్త ఏడుపు వచ్చే చోట దాటేసినా. చిన్నప్పుడు ఆయన నన్ను భుజం మీద ఎక్కించుకుని బీచ్‌కి తీసకపోయినోడు, నేనెట్ల వినేది? నువ్వుండావు గదా అని దాటేసినా."

భయం గురించి చెప్పాను. ఒకరు భయం వదిలితే పదిమంది వదులుతారని చెప్పాను. ఇంకా ఏవేవో చెప్పాను. నా గొంతు నాకే సభలో ఉన్నట్టు వినిపించింది.

"చుమ్మా ఉండు మామా, చాల్లే" అంది. "నీకంత ధైర్యముంటే నువ్వే పాడి ఉండాల. మైకు నీ ముందర గూడా ఉన్యాది గదా."

అక్క చాటుగా కళ్ళు తుడుచుకోవడం చూశాను. నావైపు చూడకుండా విజి వెంటే వెళ్ళిపోయింది.

జూలై 7

నిన్న రాత్రి ఎవరో ఆ ముక్కను కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు రంగసామికి పంపారు. పొద్దున కలైసెల్వి షెడ్డుకు వెళితే బండి తాళంచెవి ఇవ్వలేదు. "ఇంటికి పో తల్లీ, చెప్పి పంపిస్తాం" అన్నాడట. ఎప్పుడని అడిగితే, "మీయమ్మనడుగు, పాటలో చెప్తాది" అన్నాడట. షెడ్డులో మిగతావాళ్ళు నవ్వారట.

మునియక్క ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత ఆ గుమ్మంలో. కలై గోడకు తిరిగి పడుకుని ఉంది. యూనిఫారం విప్పలేదు. మునియక్క నాకు కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. తిడుతుందని వెళ్ళాను. తిడితే జవాబులు చెప్పడానికి సిద్ధపడి వెళ్ళాను.

"తిన్యావా అన్నా?" అంది.

జూలై 8

ప్రదీప్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆ పాట తీసెయ్యమన్నాను.

"సార్, గిప్పుడా? గంత మంచిగ పోతుంటే?"

"ఒక పిల్ల బతుకుతెరువు పోయిందయ్యా."

చెడ్డవాడు కాదు. "పేరు లేని టేకు పంపున్రి సార్, పాట మారుస్త. వారం, పది దినాలు పడ్తది. కానీ జనం కట్ చేస్కున్న ముక్కలున్నయ్ జూడున్రి, అవి నా చేతుల లేవు. ఎవరి చేతులనూ లేవు."

అరుళ్‌ను రెండో టేక్ పంపమన్నాను. "అప్పుడే పంపించేసినా సార్, విజి చెప్పింది" అన్నాడు. సార్ అనే అన్నాడు. ఆ మాట మాత్రం ముందున్నట్టు లేదు.

జూలై 9

రంగసామిని షెడ్డు దగ్గర పట్టుకున్నాను. మా కాలనీలోనే పుట్టి పెరిగినవాడు. మంచినీళ్ళ లారీ దగ్గర మా అమ్మ బిందె మోసినవాడు. చట్టం చెప్పాను. మనిషిని మురుగులోకి దింపడం నేరమన్నాను. కోర్టుకు లాగుతానన్నాను, వ్యాసం రాస్తానన్నాను. చేతులు కట్టుకుని వినయంగా అంతా విన్నాడు.

"రాసుకోన్నా. నీ పత్రిక ఎవురు చదవతారు, నీ మాదిరి ఇంకో ఇరవై మంది. దాంతో మాకేం బాధ లేదు. ఆ పిల్లోళ్ళ పాట కాలేజీల్లో ఆడతా ఉండాది, దాంతోనే తలనొప్పి. కోర్టంటావా? ఆ కాగితం మింద మునియక్క సంతకముండాది. రేపు కోర్టులో దేన్ని అబద్ధమంటాది? కాగితాన్నా, పాటనా? ఏది అబద్ధమన్నా ఆయమ్మే అబద్ధాలకోరు."

వచ్చేశాక, బస్సులో, మూడు జవాబులు తట్టాయి. మూడూ బాగున్నాయి.

జూలై 10

వెంకట్రావుగారి వ్యాసం మొదలుపెట్టాను. శీర్షిక దగ్గరే ఆగింది.

జూలై 11

ఆరు పేజీలు రాశాను. మంచి ఊపు వచ్చింది. కంపెనీని, కాగితాన్ని, చోద్యం చూసే మధ్యతరగతిని, ఎవరినీ వదల్లేదు. మళ్ళీ మొదటినుంచి చదివితే థియేటర్‌లో ఆ టీ సంగతి ఎక్కడా లేదు. చింపేశాను.

జూలై 12

ఆ టీ సంగతి.

రెండో టేక్ అయ్యాక అరుళ్ బయటికి వెళ్ళాడు. నేనూ ఆమే ఉన్నాం. పేరు చెప్పమని మూడుసార్లు అడిగాను. ఒక్కసారి కాదు. మొదటిసారి నవ్వి తల అడ్డంగా ఊపింది. రెండోసారి, "అది నా నోట్లో రాదన్నా" అంది. మూడోసారి నేనన్న మాట ఇది: "కాగితం మీద గుండెనొప్పి అని రాసినప్పుడు దాంట్లో ఆయన పేరుంది, కింద నీ సంతకముంది. అబద్ధానికి ఆయన పేరిచ్చావు. నిజానికి ఇవ్వవా?"

మంచి వాక్యమని అనే ముందే తెలుసు. అన్నాక కూడా అనిపించింది.

ఆమె మిగిలిన టీ తాగింది. మూతి కొంగుతో తుడుచుకుంది. అరుళ్ వచ్చి మెషిన్ దగ్గర కూర్చున్నాక, లోపలికి వెళ్ళి కూర్చుని, ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. బయటికి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, "ఆ పేరు నీ కోసరం చెప్పినానన్నా. రెండేండ్లుగా నువ్వు నాతో మాట్లాడలే, అందుకని. పాటకి మాత్రం ముందర పాడింది పెట్టుకోండి" అంది.

విన్నాను. స్పష్టంగా విన్నాను. మైకు సర్దడానికి లోపలికి వెళ్ళిన అరుళ్ తిరిగి వచ్చి నా మొహంకేసి చూశాడు. థర్డ్ ఓకే అన్నాను.

నా కోసం చెప్పిన దాన్ని.

జూలై 13

పాటలో రెండో టేక్ పెట్టేశారు. ఆ ముక్క మాత్రం తిరుగుతూనే ఉంది. ఇవాళ దానికి ఎవరో డ్రమ్ములు కలిపారు. మూలమీద టీకొట్టులో కుర్రవాళ్ళు నాగలింగం పేరుకు అడుగులు వేస్తున్నారు. వాళ్ళకు తెలియదు. వెళ్ళి చెప్పబోయాను. ఏమని చెప్పాలి?

జూలై 14

మధ్యాహ్నం మూడింటికి మునియక్క వచ్చింది. వెంట కలై. తల్లి నేల మీద కూర్చుంది, కలై గుమ్మం దాటలేదు.

రంగసామి కబురు పంపాడట. ఎవరో విలేకరులు కంపెనీకి ఫోన్లు చేస్తున్నారు. మునియక్క ఒక ఉత్తరం రాసివ్వాలి. నా భర్త ఇంట్లోనే గుండెనొప్పితో పోయాడు, పాటలో పేరు నాకు తోచింది పాడాను, ఏ కంపెనీకీ దానితో సంబంధం లేదు అని. కింద ఆమె సంతకం, కాలనీలో నలుగురికీ తెలిసిన ఒకరి సాక్షి సంతకం. ఇస్తే మర్నాడే బండి తాళంచెవి ఇస్తారు.

"తమిళంలో రాయాలంట. నువ్వు రాయన్నా" అంది.

"నేనా?"

"ఇంకెవురికి వస్తాది ఈడ? నీ చెయ్యి బాగుంటాది గదా."

ఇంకో దారి ఉందన్నాను. లాయరు ఉన్నాడన్నాను, సంఘం ఉందన్నాను, కేసు నడిచేదాకా కలైకి ఎక్కడైనా పని చూస్తానన్నాను.

"ఎన్ని దినాల్లో మామా?" అంది కలై గుమ్మంలోంచి. మొదటిసారి మాట్లాడింది. "కేసు ఎన్ని దినాల్లో అయిపోతాది?"

కాగితం తీశాను. రాశాను. చదివి వినిపించాను. మునియక్క కళ్ళు మూసుకుని విన్నది.

"ఇది నీ మాదిరి ఉండాదన్నా. 'ఇందుమూలంగా' అంటావేంది? నేనెప్పుడన్నా అన్యానా? నా మాదిరి రాయి. నమ్మేటట్టు రాయి."

రెండోసారి రాశాను. ఆ పొద్దున ఆయన దోసె తిన్నాడని, ఎడమచెయ్యి లాగుతోందన్నాడని, పక్కింటివాళ్ళను పిలిచేలోపే అయిపోయిందని రాశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చిన్న మాట పడాలో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే. చదువుతుంటే ఒకచోట మునియక్క, "దోసె కాదు, ఇడ్లీ అని రాయి. ఆయన పొద్దున దోసె తినడు" అంది. మార్చాను.

అయ్యాక తమిళంలో మెల్లిగా సంతకం పెట్టింది. పెన్ను నాకిచ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను.

"రంగసామే నీ పేరు చెప్పినాడు. నువ్వు పెడితే వాళ్ళు ఇంక అడగరన్నా. నువ్వు కంపెనీకి ఎగెనెస్టు అని అందరికీ తెలుసు గదా. నువ్వే పెట్టినావంటే నిజమే అనుకుంటారు."

అందుకే రంగసామి నా పేరు చెప్పి పంపాడన్నమాట. ఆమె దాచలేదు. ఈ సంతకం పడితే నాగలింగం గురించి నేను జన్మలో ఒక్క ముక్క రాయలేను. రాస్తే మొదట ఈ కాగితమే నా మొహాన కొడతారు.

సాక్షి: వీరరాఘవులు. ఇంటి నంబరు, తేదీ.

జూలై 15

వెంకట్రావుగారికి రాయలేనని చెప్పాను. "అయ్యో, ఆరోగ్యం బాగాలేదా అండీ?" అన్నారు. అవునన్నాను.

జూలై 16

ఆరున్నరకు వీధిలోకి బ్యాటరీ బండి వచ్చింది. కలై తోలుతోంది. అద్దానికి మల్లెపూలు కట్టింది. చెత్తబుట్ట తీసుకుని వెళ్ళాను. లోపలికి తొంగి చూసింది.

"ఏంది మామా ఇది? తడిదాంట్లో కాగితాలు వేసినావే. ఎన్నిసార్లు చెప్పేది? ఇట్ల కలిపిస్తే నన్నే తిడతారు ఆడ."

బండి రాని రోజుల్లో చింపి పడేసిన ఆ ఆరు పేజీలు. కాఫీ పొడిలో, అరటి తొక్కల్లో నానిపోయి ఉన్నాయి.

"ఇట్లే ఏరి వేరేగా ఇయ్యి. నేనుంటా" అంది. బండి ఆపి, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

రోడ్డు మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా ఏరి ఇచ్చాను.